టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిచ్చి చేసే గుండె పరీక్ష) నెగెటివ్ వచ్చింది, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 182 ఉన్నది. దేన్ని నమ్మాలె?

సుబేదారి_సైకిల్
నాకు 44 ఏండ్లు. నెల కింద ఆఫీసుల హెల్త్ క్యాంప్ పెడితే రక్తం ఇచ్చిన. మొత్తం కొలెస్ట్రాల్ 268, ఎల్‌డీఎల్ 182, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంల ఇంకో రకం కొవ్వు) 240. షుగర్ లేదు. బీపీకి రెండేండ్ల సంది గోలి ఏసుకుంటున్న. సిగరెట్ అలవాటు లేదు.

మా బాపు 52 ఏండ్లకే పోయిండు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు కాంటా పెట్టిచ్చుకుంట ఛాతి పట్టుకొని బస్తా మీదనే కూసున్నడట. దవాఖానకు చేరకముందే అయిపోయింది. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్.

అందుకే భయపడి డాక్టర్ దగ్గరికి పోయిన. టీఎంటీ రాసిండు, చేపిచ్చిన, నెగెటివ్ అని వచ్చింది. అమ్మయ్య అనుకున్న. అయినా ఆయన కొలెస్ట్రాల్ తగ్గిచ్చే స్టాటిన్ గోలి రాసి "రోజూ ఏసుకోవాలె, నడుమల ఆపొద్దు" అన్నడు. మా బావ ఏమో "గుండె పరీక్షే మంచిగ వచ్చినంక గోలి దేనికి, లివర్ ఖరాబైతది" అంటడు.

మొన్న ఇంకోటి అయింది. మా పక్క సెక్షన్ల పనిచేసే అన్న, నాకంటె రెండేండ్లు పెద్ద. ఆయనకూ టీఎంటీ నెగెటివే. మూడు వారాలు తిరగలే, అటాక్ వచ్చి స్టంట్ ఏసిండ్రు. పరీక్ష మంచిగున్నోనికి అటాక్ ఎట్ల వస్తది? గోలి చిట్టీ జేబులనే ఉన్నది, ఇంకా కొనలే. నిద్ర పడ్తలేదు.

కాజీపేట_లోకో
నాది ఉల్టా కథ. రిటైర్ కాకముందు టీఎంటీ చేపిస్తే పాజిటివ్ అన్నరు. ఇంట్ల ఏడుపులు. మా ఆమె మెడల గొలుసు తీసి టేబుల్ మీద పెట్టింది, ఖర్చుకు. చెయ్యి మణికట్టు కాడికెళ్ళి గొట్టం పెట్టి యాంజియోగ్రామ్ చేసిండ్రు. మూడు నాళాలు సాఫ్. డాక్టర్ తెర మీద చూపెట్టి "ఏం లేదు పో" అన్నడు. ఆ పదిరోజులు మేం పడ్డ గోస మాకే ఎరుక.

జమ్మికుంట_యూత్
ఒగలకు లేనిది ఉన్నదన్నది, ఒగలకు ఉన్నది లేదన్నది. మరి గా మిషన్ ఎందుకు పెట్టిండ్రు?

కరీంనగర్_ల్యాబక్క
14 ఏండ్ల సంది గుండె పరీక్షల దగ్గరనే పని చేస్తున్న. డాక్టర్ను కాదు, టెక్నీషియన్ను. నాకు తెలిసినంత చెప్త.

టీఎంటీ అడిగేది ఒక్కటే ప్రశ్న: గుండె గట్టిగ కొట్టుకునేటప్పుడు దానికి సరిపోను రక్తం అందుతుందా లేదా? నాళం ఇంచుమించు 70 శాతం మూసుకపోతే తప్ప ఆ కొరత ఈసీజీ గీతల కనపడదు. 30, 40 శాతం కొవ్వు పేరుకున్న నాళం నడకల ఏం తేడా చూపియ్యదు. కని ఆ కొవ్వు మీది పొర చిరిగిందనుకో, దాని మీద రక్తం గడ్డకట్టి నిమిషాలల్ల నాళం మొత్తం బందైతది. అటాకులు చాన మట్టుకు గిట్లనే వస్తయి.

చెరువు తూము పూడుడు వేరు, కట్ట తెగుడు వేరు. తూము సగం పూడినా పొలానికి నీళ్ళు పారుతనే ఉంటయి. నీళ్ళు పారుతున్నయి కదా అని కట్ట గట్టిగున్నదని అనలేం కదా. మీ ఆఫీస్ అన్నకు అయింది అదే అయి ఉంటది.

ఇగ తప్పుల లెక్క. 1989ల 147 అధ్యయనాలు కలిపి చూసిండ్రు. బ్లాకులున్న 100 మందిల సుమారు 68 మందికే టీఎంటీ పాజిటివ్ వచ్చింది. బ్లాకులు లేని 100 మందిల సుమారు 23 మందికి ఉత్తగనే పాజిటివ్ వచ్చింది. లోకో కాక ఆ 23ల ఒకరు. ఆడోళ్ళల్ల ఈ ఉత్త పాజిటివ్‌లు ఇంకా ఎక్కువ. అట్లని పనికిరాని పరీక్ష కాదు. నడుస్తుంటె ఛాతి బరువెక్కినోళ్ళకు మస్తు పనికొస్తది. ఏ బాధ లేనోడు ధైర్యం కోసం చేపిచ్చుకుంటెనే తిప్పలు.

సుబేదారి తమ్మి, రెండు సంగతులు చెప్పు. రిపోర్ట్ల గుండె వేగం ఎంత దాక పోయిందని రాసిండ్రు? నీ బీపీ గోలి పేరేంది?

పరకాల_పత్తిచేను
మా నాయినమ్మ 91 ఏండ్లు బతికింది. రోజూ నెయ్యి, పెరుగు మీది మీగడ, ఆదివారం తలకాయ కూర. ఏ కొలెస్ట్రాల్ రాలే. అసలు కొలెస్ట్రాలే పెద్ద వ్యాపారం. నంబర్ తగ్గిచ్చుకుంట పోతరు, గోలీలు అమ్ముకుంట పోతరు. భయపెట్టకుండ్రి జనాన్ని.

భద్రకాళి_బండ్
మీ నాయినమ్మ ఒక్కపూట పత్తి ఏరితె నువ్వు వారం జిమ్ముకు పోయినంత. నెయ్యి ఒక్కటే చెప్తవ్, ఆమె చేసిన పని చెప్పవ్ 🙂

నర్సంపేట_టీచరమ్మ
పరకాల అన్నా, 91 ఏళ్ళు బతికిన నాయనమ్మ గురించి అందరం చెప్పుకుంటాం. అదే వాడలో 48కి పోయినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు, "టైం వచ్చింది, పోయిండు" అని ఊరుకుంటారు. ఆ రోజుల్లో దేనితో పోయారో రాసిపెట్టింది ఎవరు?

గోలీలు ఒట్టి వ్యాపారమే అయితే 1994లో స్కాండినేవియా దేశాల్లో వచ్చిన ఫలితాన్ని ఏమంటారు? అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చారు. అయిదేళ్ళు దాటాక చూస్తే ఉత్త గోలీ వేసుకున్నవాళ్ళలో 12 శాతం మంది చనిపోయారు, మందు వేసుకున్నవాళ్ళలో 8 శాతం. ప్రాణాలు లెక్కపెట్టి తేల్చిన మాట అది, ల్యాబ్ నంబర్ ఒక్కటీ చూసి అన్నది కాదు.

పరకాల_పత్తిచేను
గది జబ్బు ఉన్నోళ్ళకు. సుబేదారి అన్నకు జబ్బు ఉన్నదని ఎవరు చెప్పిండ్రు? టీఎంటీ నెగెటివ్ కదా.

సుబేదారి_సైకిల్
ల్యాబక్కా, ఇప్పుడే కవర్ తీసి చూసిన. పైన పెద్దగ నెగెటివ్ అని ఉన్నది. దాని కింద సన్నటి అక్షరాలల్ల రెండు లైన్లు, అవి నేనెన్నడు సదవలే. వయసు లెక్కన గరిష్ఠ వేగం 176. నేను చేరింది 132. అంటే 75 శాతం. నడిచిన టైం 6 నిమిషాల 40 సెకన్లు. ఆపిన కారణం కాళ్ళ అలుపు.

ఆ రోజు సంగతి యాదికొస్తుంది. ఛాతి మీద వెంట్రుకలు గీకి, చల్లటి జెల్లు పూసి పది వైర్లు అతికిచ్చిండ్రు. పట్టా మొదలు మెల్లగనే ఉండె. మూడు నిమిషాలకోసారి వేగం పెరుగుడు, ముందట ఎత్తు పెరుగుడు. రెండు మెట్లు దాటి మూడోది షురూ కాంగనే పిక్కలు గుంజినయి. కమ్మి గట్టిగ పట్టుకొని వేలాడినట్టే నడిచిన. నొప్పి అన్న. ఆ పిలగాడు ఆపేసి "చాలు సార్, మంచిగనే ఉన్నది" అన్నడు. నేను కూడ సంబరపడి దిగిన.

బీపీ గోలి మెటోప్రొలాల్. పొద్దుగాల ఏసుకునే పోయిన. ఏసుకున్నవా అని ఎవరు అడగలే.

కరీంనగర్_ల్యాబక్క
నాకు అనుమానం వచ్చిందే అందుకు. 220ల వయసు తీసేస్తే గరిష్ఠ వేగం. దాంట్ల కనీసం 85 శాతం చేరాలె, అంటె నీకు 150. నువ్వు 132 కాడనే దిగినవ్. పైగ మెటోప్రొలాల్ పనే గుండె వేగాన్ని పట్టి ఆపుడు. కమ్మి పట్టుకొని వేలాడితే గుండె మీద పడాల్సిన పని చేతుల మీద పడ్తది. అది నెగెటివ్ కాదు తమ్మి. "పరీక్ష పూర్తి కాలేదు, ఏం తేలలేదు" అని రాయాలె. నెగెటివ్ అని రాసినోళ్ళది తప్పు.

ఈ గోలి పరీక్షకు ముందు ఆపాలె వద్దా అనేది డాక్టర్ చెప్తడు. సొంతంగ ఆపొద్దు, ఒక్కసారిగ ఆపితె బీపీ, గుండె దడ ఎగదన్నుతయి. ఆ రెండు లైన్లు డాక్టర్‌కు చూపెట్టు.

కాజీపేట_లోకో
రిపోర్ట్ అంటె మొదటి లైనే సదివి కవర్ల పెడ్తం. నేను కూడ అంతే చేసిన. అక్క అడగకుంటె ఈ పిలగాడు ఎప్పటికి చూడకపోవు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
నా గోడు కూడ వినుండ్రి. మా మామ బొగ్గు బాయిల పని చేసి రిటైర్ అయిండు. నాలుగేండ్ల కింద సంక్రాంతికి సకినాలు, మటన్ తిన్నడు. రాత్రి 11కు ఛాతిల మంట. గ్యాస్ అని సోడా తాగిండు. ఎడమ దవడ గుంజుతుందన్నడు, పన్ను నొప్పి అనుకున్నం. బనీను చెమటకు పిండితె నీళ్ళు కారెటట్టు తడిసింది, జనవరి చలిల. అప్పుడన్న మాకు సమజ్ కావాలె, కాలే. ఒంటిగంటకు దగ్గర్ల ఉన్న చిన్న దవాఖానకు తీస్కపోయినం. ఈసీజీ తీసి "బాగనే ఉంది, పొద్దుగాల రాండ్రి" అని గ్యాస్ సూది ఇచ్చి పంపిండ్రు. నాలుగున్నరకు మళ్ళ నొప్పి. 108 వచ్చేసరికి చెయ్యి సల్లబడ్డది.

ఈసీజీ మంచిగున్నదని చెప్పిన ఆ కాయితం ఇంకా మా ఇంట్ల ఉన్నది. మా అత్త పారెయ్యనియ్యది.

నర్సంపేట_టీచరమ్మ
చదివి గుండె బరువెక్కింది తమ్ముడూ.

కరీంనగర్_ల్యాబక్క
ఈ సంగతి అందరు ఎరుక చేసుకోండ్రి. అటాక్ మొదలైన కొత్తల ఈసీజీ మామూలుగ రావచ్చు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడ నొప్పి షురూ అయిన కొన్ని గంటలకు గానీ పెరగది. అందుకే నొప్పి ఉన్నోన్ని అక్కడ్నే పండవెట్టి, ఈసీజీ మళ్ళ మళ్ళ తీసి, ట్రోపోనిన్ కొన్ని గంటలాగి రెండోసారి చూడాలె. ఒక్క ఈసీజీ చూసి ఇంటికి పంపొద్దు. పంపుతమంటే "రెండోసారి తీయుండ్రి" అని మనమే గట్టిగ అడగాలె. ఛాతి బరువు, దవడ, ఎడమ చెయ్యి, చల్లచెమట, ఆయాసం. షుగర్ ఉన్నోళ్ళకు, ఆడోళ్ళకు నొప్పి లేకుండ ఉత్త ఆయాసమే రావచ్చు.

జగిత్యాల_టు_దుబాయ్
మా రూమ్ల మెట్‌పల్లి పిలగాడు, 39 ఏండ్లు, పండుకున్నోడు లేవలే. ఏనాడు ఒక్క రక్తపరీక్ష చేపిచ్చుకోలే. పెట్టె ఊరికి పంపుటానికి చందాలు మేమే ఏసినం. మనోళ్ళకు ఇంత చిన్న వయసుల ఎందుకు వస్తుంది?

నర్సంపేట_టీచరమ్మ
52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ఈ సంగతి తేలింది. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53, మిగతా దేశాల వాళ్ళకు సుమారు 59. కారణాలు కొత్తవేం కావు. పొగాకు, బీపీ, షుగర్, పొట్ట, చెడు కొలెస్ట్రాల్, కదలని బతుకు, మనసు మీద ఒత్తిడి. అవి మనకు చిన్న వయసులోనే మొదలవుతున్నాయి, అంతే.

భద్రకాళి_బండ్
నేను సీటీ కాల్షియం స్కోర్ చేపిచ్చిన. సూది లేదు, పరుగు లేదు, మిషన్ల పండుకుంటె కొద్ది నిమిషాలే. సున్నా వచ్చింది. సుబేదారి అన్న, నువ్వు కూడ చేపియ్యి. సున్నా వస్తె గోలి గోల ఉండది.

కరీంనగర్_ల్యాబక్క
సున్నా మంచి వార్తే. కని అది చూసేది నాళాలల్ల గట్టిపడ్డ కాల్షియాన్నే. గుండె నాళాల గోడల మెత్తటి కొవ్వు దాంట్ల కనపడది. నలభై లోపటోళ్ళకు, సిగరెట్ తాగెటోళ్ళకు, షుగర్ ఉన్నోళ్ళకు, ఇంట్ల చిన్న వయసుల పోయినోళ్ళున్నోళ్ళకు సున్నా వచ్చినా ఫికర్ లేదని అనలేం. 1 నుంచి 99 ఉంటె పేరుకునుడు షురూ అయినట్టు, 100 దాటితె గట్టిగ పట్టిచ్చుకోవాలె, 400 దాటితె చాన ఎక్కువ. గోలి ఏసుకోవాల్నా వద్దా అని డాక్టర్, మనిషి ఇద్దరు ఊగిసలాడుతున్నప్పుడు ఇది మస్తు పనికొస్తది.

జమ్మికుంట_యూత్
నాదో చిన్న డౌట్. మా అన్నకు ఒక ల్యాబ్ల ఎల్‌డీఎల్ 171, వారానికే ఇంకో ల్యాబ్ల 150. ఇదేం కథ? నడుమల దసరా దావత్ కూడ అయింది, మరి పెరగాలె కద!

కరీంనగర్_ల్యాబక్క
అదే మనిషికి వారం తేడాలనే పది శాతం అటు ఇటు అయితది. పైగ చాన ల్యాబులల్ల ఎల్‌డీఎల్ నేరుగ కొలువరు, లెక్క కడ్తరు. మొత్తంల హెచ్‌డీఎల్ తీసెయ్యి, ట్రైగ్లిజరైడ్స్‌ల అయిదో వంతు తీసెయ్యి, మిగిలింది ఎల్‌డీఎల్. సుబేదారి తమ్మిది చూడు: 268ల 38 పోయె, 48 పోయె, 182. దావత్ల మందు, స్వీట్లతోని ట్రైగ్లిజరైడ్స్ పెరిగితె లెక్కల ఎల్‌డీఎల్ తగ్గినట్టు కనపడ్తది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితె ఆ లెక్క పనికే రాదు. అందుకే మొత్తంల నుంచి హెచ్‌డీఎల్ తీసేసిన అంకె చూసుకోండ్రి, దావత్ దాన్ని అంతగ మార్చది. తమ్మికి అది 230. 130 లోపట ఉండాల్సింది.

థైరాయిడ్ తక్కువున్నా కొలెస్ట్రాల్ పెరుగుతది, అది కూడ చూపిచ్చుకోవాలె.

పరకాల_పత్తిచేను
కొలెస్ట్రాల్ సంగతి పక్కకు పెట్టు. స్టంట్ల సంగతేంది? మా చిన్నాయినకు గుట్ట ఎక్కితె దమ్ము వస్తుండె. ఒక ప్రైవేటు దవాఖానల యాంజియోగ్రామ్ చేసి, మనిషి ఇంకా టేబుల్ మీద ఉండంగనే బయటికొచ్చి "80 శాతం బ్లాక్, రెండు స్టంట్లు ఇప్పుడే ఎయ్యాలె, సంతకం పెట్టుండ్రి, లేకుంటె మనిషి దక్కడు" అన్నరు. మేం పెట్టలే. సీడీ పట్టుకొని హైద్రాబాద్ల ఇంకో డాక్టర్‌కు చూపెట్టినం. గోలీలతోనే నడువొచ్చన్నడు. అయిదేండ్లయింది, మొన్న మేడారం పోయొచ్చిండు. మరి నేను అనుమానపడుడు తప్పా?

కరీంనగర్_ల్యాబక్క
దీంట్ల నువ్వే కరెక్ట్ అన్న, నూటికి నూరుపాళ్ళు. నిలకడగ ఉన్న జబ్బుల స్టంట్ తొందర లేదని 5,179 మందితోని చేసిన ఇస్కీమియా అధ్యయనం చూపెట్టింది, 2020ల అచ్చయింది. మంచి మందులు వాడినోళ్ళకు, వాటితోపాటు స్టంటో బైపాసో కూడ చేపిచ్చుకున్నోళ్ళకు చావులల్ల తేడా రాలే. నొప్పి తగ్గుటానికి స్టంట్ పనికొస్తది. ఎడమ పక్క మొదటి పెద్ద నాళం మూసుకపోతె సంగతి వేరు. అటాక్ నడుస్తున్నప్పుడు కూడ వేరు, అప్పుడు ఒక్కో నిమిషం గుండె కండ చచ్చిపోతుంటది, స్టంటే ప్రాణం కాపాడేది.

కని ఒకటి అడుగుత. మీ చిన్నాయిన అయిదేండ్లు ఏసుకున్న గోలీలల్ల స్టాటిన్ లేదా?

పరకాల_పత్తిచేను
ఉన్నది. అటోర్వాస్టాటిన్ 40. ఆయనకు జబ్బు తేలింది కాబట్టి ఏసుకుంటుండు. నా మాట మీద నేనున్న, ఏ జబ్బు లేనోనికి ఊకె రాసుడు తప్పు.

నర్సంపేట_టీచరమ్మ
మావారు ఒళ్ళునొప్పులని ఆర్నెల్లు గోలీ మానేశారు. డాక్టర్ కోప్పడలేదు, వేరే స్టాటిన్ తక్కువ మోతాదులో రోజు విడిచి రోజు ఇచ్చి చూశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇంగ్లాండులో నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు గోలీ, కొన్ని నెలలు ఉత్త గోలీ, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూశారు. అసలు గోలీతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త గోలీతోనూ వచ్చింది. అంటే నొప్పి అబద్ధమని కాదు, మావారి నొప్పి నేను కళ్ళారా చూశాను. కారణం ప్రతిసారీ మందే కాదని. కండరాలు నిజంగా దెబ్బతినేవాళ్ళు కొద్దిమంది ఉంటారు, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చూపించుకోవాలి.

సుబేదారి_సైకిల్
ఏడు వారాలైంది, అందరికి చెప్పాలె అనిపిచ్చి రాస్తున్న.

డాక్టర్‌కు ఆ రెండు లైన్లు చూపెట్టిన. చష్మా తీసి మళ్ళ పెట్టుకొని సదివిండు. "ఇది లెక్కలకు రాదు" అన్నడు. మళ్ళ టీఎంటీ వద్దని కాల్షియం స్కోర్, లిపోప్రోటీన్-ఎ (రక్తంల ఒక రకం కొవ్వు) పరీక్ష రాసిండు. ఈ రెండోది పుట్టుకతోని వచ్చేదట, తిండితోని మారదట, బతుకుల ఒక్కసారి చూస్తె చాలట. 50 దాటొద్దు, నాకు 92 ఉన్నది. స్కోర్ 64. ఆ 92 బాపు నుంచే వచ్చి ఉంటదన్నడు. కారు దిగి ఇంట్లకు పోకుండ చాన సేపు వడ్డేపల్లి చెరువు కట్ట మీద కూసున్న. బాపు తినుడు వల్ల పోయిండని ఇన్నేండ్లు అనుకున్నం. మా అవ్వ అయితె "నేనే కారం, నూనె ఎక్కువ పోసి వండిన" అని ఇప్పటికి ఏడుస్తది. ఆ రాత్రి ఆమెకు రిపోర్ట్ చూపెట్టి, నీ వంట ఒక్కదానిదే తప్పు కాదే అని చెప్పిన. సదువు రాదు, కాయితం చేతుల పట్టుకొని చాన సేపు చూసింది.

గోలి అదేరోజు కొన్న. రోసువాస్టాటిన్ 10. ఆరు వారాలకు ఎల్‌డీఎల్ 98కి వచ్చింది. లివర్ మంచిగనే ఉన్నది, బావకు ఫోటో పంపిన. 70 లోపటికి తేవాలని ఇంకో గోలి ఎజెటిమైబ్ కలిపిండు. పొద్దుగాల ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ల సైకిల్ తొక్కుతున్న.

పరకాల_పత్తిచేను
64 అంటె షురూ అయినట్టే కద. అయితె ఏసుకో అన్న, నీకు నేను వద్దనను.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
మీ తమ్ముళ్ళు, చెల్లెండ్లకు కూడ చూపియ్యి అన్న. పుట్టుకతోని వచ్చేదంటున్నవ్ కద.

సుబేదారి_సైకిల్
నిజామాబాద్ల ఉన్న తమ్మునికి ఫోన్ చేసిన, పోతనన్నడు. మా కొడుక్కు 16, వానికి కూడ చేపియ్యమన్నడు డాక్టర్. రేపు తీస్కపోతున్న. సూదంటె భయపడ్తడు, మా అవ్వ తోడొస్తనన్నది. ల్యాబక్కా, పరిగడుపున పోవాల్నా?

కరీంనగర్_ల్యాబక్క
అక్కర్లేదు తమ్మి. టిఫిన్ తినిపిచ్చే తీస్కపో. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటి వస్తెనే పరిగడుపున ఇంకోసారి. సూది పెట్టేటప్పుడు పక్కకు చూడుమను, అవ్వను చెయ్యి పట్టుకోమను.